అందరూ చదివే మాటకు తాళమెందుకు?

"బ్యాంకుకైతే తాళం కావాలి. రచ్చబండకు తాళమేమిటండీ?"

ఇంటర్నెట్‌లో నలుగురూ మాట్లాడుకునే చర్చావేదికలు నడిపేవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాం. న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగర కేంద్రానికి 30 కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన ఉన్న పాపకూరలోని తెలుగువాళ్ల దగ్గరా వినబడుతుంది. వాళ్ల వాదన కొట్టిపారేసేదేం కాదు. అద్దెకు గది ఎక్కడ దొరుకుతుంది, పిల్లాడికి ఏ బడిలో సీటిస్తారు, మన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ మార్చుకోవాలంటే ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, ఉగాదికి హాలు ఎవరు బుక్ చేస్తున్నారు... చర్చలన్నీ ఇవే. రాసేదే నలుగురూ చదవాలని. దాచడానికేమీ లేనప్పుడు సైటు చిరునామాలో హెచ్‌టీటీపీ పక్కన ఆ చివరి ‘ఎస్’ ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

మాట బహిరంగమే, ఒప్పుకుంటాను. అయితే ఆ మాటతో పాటు తీగ మీద ఇంకా చాలా ప్రయాణం చేస్తాయి. అవి బహిరంగం కావు. ముందు వాటిని దగ్గరగా చూడాలి.

పాపకూరలో సర్ ఎడ్మండ్ హిల్లరీ పేరుతో ఉన్న గ్రంథాలయంలో వైఫై ఉచితం. అలాంటి చోట కూర్చుని, ఎన్‌క్రిప్షన్, అంటే ఆ ‘ఎస్’ వేసే తాళం, లేని ఒక చర్చావేదికలో ‘నమస్తే’ అని రాసి పంపారనుకుందాం. ఫోన్ పంపేది మామూలు అక్షరాల్లో, పంక్తి కింద పంక్తిగా ఉండే ఒక చీటీ. మొదటి పంక్తిలో మీరు రాస్తున్నది ఏ పేజీలోనో ఉంటుంది. ఆ కింద సైటు పేరు. ఆ కింద మీ బ్రౌజర్ ఏదో, ఫోన్ ఏ రకమో. మీరు ఏయే భాషల్లో చదవడానికి ఇష్టపడతారో కూడా ఒక పంక్తి చెబుతుంది. తర్వాత కుకీ, దీని సంగతి మళ్లీ చెబుతాను. అన్నిటికన్నా కింద మీరు రాసిన మాట. ‘నమస్తే’లో మన కంటికి కనబడేవి మూడు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఆరు: న, మ, స, పొల్లు, త, ఏత్వం. ఇప్పుడు వెబ్ అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడేసి బైట్లు, వెరసి 18. వెబ్ ఫారం గుండా వెళ్లేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది కాబట్టి, తీగ మీదకు ఎక్కేసరికి 54 గుర్తులు. ఇందులో ఒక తమాషా ఉంది. తెలుగు అక్షరం ఏదైనా దాని మొదటి రెండు బైట్లు ‘ఈ0 బీ0’ అయినా కావాలి, ‘ఈ0 బీ1’ అయినా కావాలి. తొంగిచూసేవాడికి ఒక్క తెలుగు ముక్క రానక్కర్లేదు. ఆ వరస పదే పదే కనబడితే చాలు, ఇక్కడెవరో తెలుగువాళ్లు మాట్లాడుకుంటున్నారని చిన్న ప్రోగ్రామ్ ఒకటి పట్టేస్తుంది.

తొంగిచూసే వీలు ఎవరికుంది? పాస్‌వర్డ్ లేని వైఫై అయితే పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు కూడా. వైఫై నడిపేవాళ్లకు, వాళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, దారిలో ఉన్న ప్రతి రూటర్‌కూ సరేసరి. చర్చావేదిక సర్వర్ అమెరికాలో ఉంటే దారి ఇంకా పొడవు. 2000లో మొదలైన సదరన్ క్రాస్ కేబుల్ ఆక్లండ్‌లోని టాకపునా, వెనువాపై దగ్గర ఒడ్డుకు చేరుతుంది. 30 వేల కిలోమీటర్లకు మించిన ఆ తీగల వలయం మీదుగానే ఈ దేశపు మాటలు చాలాకాలం పసిఫిక్ దాటాయి. 2014 సెప్టెంబర్ 15న, ఎన్నికలకు ఐదు రోజుల ముందు, ఆక్లండ్ టౌన్ హాల్‌లో జరిగిన సభలో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ వీడియో ద్వారా మాట్లాడుతూ న్యూజిలాండ్ వాసుల సమాచారం మీద మూకుమ్మడి నిఘా ఉందన్నాడు. అప్పటి ప్రధాని జాన్ కీ అదేమీ లేదని ఖండించాడు. ఎవరి మాట నిజమన్న వాదులాట జోలికి నేను వెళ్లను. ఎన్‌క్రిప్షన్ లేనప్పుడు అది సాధ్యమా అసాధ్యమా అన్న ప్రశ్నే లేదు. చదవాలనుకుంటే చదవవచ్చు, అంతే.

ఇప్పుడు కుకీ సంగతి. చర్చావేదికలో పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాక ప్రతి పేజీకీ మళ్లీ పాస్‌వర్డ్ అడగరు కదా. సర్వర్ ఒక పొడుగాటి గుర్తును మీ బ్రౌజర్ చేతిలో పెడుతుంది. ఆ తర్వాత మీరు ఏ పేజీ తెరిచినా బ్రౌజర్ దాన్ని చూపిస్తూ పోతుంది. ఆ గుర్తు ఎవరి దగ్గరుంటే సర్వర్ దృష్టిలో వాళ్లే మీరు. 2010 నాటికి పెద్ద పెద్ద సైట్లు కూడా పాస్‌వర్డ్ అడిగే పేజీ ఒక్కదాన్నే ఎన్‌క్రిప్ట్ చేసి, లోపలికి వచ్చాక మిగతాదంతా బాహాటంగా వదిలేసేవి. పాస్‌వర్డ్ భద్రం, కుకీ బజారుపాలు. ఆ సంగతి నిపుణులకు ఏళ్ల తరబడి తెలుసు, ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు అక్టోబర్‌లో శాన్ డియేగోలో జరిగిన టూర్‌కాన్ సదస్సులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపును విడుదల చేశాడు. కాఫీ హోటల్లో కూర్చుని దాన్ని తెరిస్తే, అదే వైఫై మీద ఉన్నవాళ్ల పేర్లు, ఫొటోలు పక్కన వరసగా వచ్చేవి. ఒక పేరు మీద రెండుసార్లు నొక్కితే వాళ్ల ఖాతాలో మీరు. ఒక్క రోజులోనే లక్షమందికి పైగా దాన్ని దించుకున్నారు. అప్పుడు కదిలారు అందరూ. మూడు నెలలు దాటగానే ఫేస్‌బుక్ ఖాతాదార్లకు మొత్తం ఎన్‌క్రిప్షన్ ఎంచుకునే వీలు వచ్చింది. 2013 నాటికి అదే అందరికీ మామూలైపోయింది. బట్లర్ చేసింది తప్పని అప్పట్లో కొందరన్నారు. నాకైతే ఆ గొడవ జరగకపోతే ఇంకో ఐదేళ్లు పట్టేదనిపిస్తుంది.

కుకీ పోతే చర్చావేదికలో నష్టమేమిటి? డబ్బు పోదు. మీ పేరుతో ఇంకొకడు రాస్తాడు. నిర్వాహకుడి కుకీ దొరికితే చర్చలు చెరిపేస్తాడు, సభ్యుల ఈమెయిళ్లు, ప్రైవేటు సందేశాలు చదువుతాడు. బహిరంగ చర్చకు ప్రాణమే ‘ఫలానావారు అన్నారు’ అన్న నమ్మకం. అదే పోతే మాట అందరికీ వినబడీ ప్రయోజనం లేదు.

ఇంకో సంగతి ఉంది. నా లెక్కలో ఇదే పెద్దది. 2022 జూలై నుంచి న్యూజిలాండ్‌లో ఉద్యోగానికి వచ్చేవాళ్లలో చాలామందికి దొరికేది గుర్తింపు పొందిన యజమాని పేరు మీద ఇచ్చే పని వీసా. ఆ ఉద్యోగం వదిలి ఇంకోచోట చేరాలంటే మళ్లీ ఇమిగ్రేషన్ అనుమతి కావాలి. యజమాని మంచివాడైతే చింత లేదు. కాకపోతే? జీతంలో కొంత వెనక్కి ఇమ్మంటే, చేసిన గంటలు తక్కువ చూపిస్తే? అలాంటివాళ్ల కోసమే 2021 జూలైలో ప్రభుత్వం దోపిడీ నుంచి రక్షణ వీసా ఒకటి తెచ్చింది. కానీ అదొకటి ఉందని కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఎవరు చెబుతారు? తోటి తెలుగువాళ్లే. వాడు మారుపేరుతో చర్చావేదికలో అడుగుతాడు: "మా యజమాని ఇలా చేస్తున్నాడు, ఎవరికి చెప్పుకోవాలి అన్నా?" ప్రశ్న అందరికీ కనబడుతుంది, కనబడాలి కూడా, జవాబు ఇంకో పదిమందికి పనికొస్తుంది. కనబడకూడనిది అడిగిందెవరన్నది ఒక్కటే. ఇప్పుడు వాడు మధ్యాహ్నం భోజన విరామంలో గోదాము వైఫై మీద కూర్చుని ఆ ప్రశ్న రాశాడనుకోండి. ఎన్‌క్రిప్షన్ లేకపోతే మారుపేరు, ప్రశ్న, ఫోన్ రకం, టైము, అన్నీ యజమాని రూటర్ గుండానే వెళ్తాయి. ఉంటే అతనికి తెలిసేది దాదాపు ఫలానా టైముకు ఫలానా సైటు తెరిచారని మాత్రమే. ఏ పేజీ చదివారో, ఏం రాశారో తెలియదు.

రాయకుండా చదివి వెళ్లిపోయేవాళ్ల సంగతీ ఇంతే. చర్చావేదికల్లో వాళ్లే ఎక్కువ. భర్త కొడుతున్నాడని ఎవరో రాసుకున్న చర్చను మరో ఆవిడ మూడుసార్లు తెరిచి చదివిందంటే, ఆ చదవడంలోనే ఆవిడ కథ ఉంది.

2013 జూలైలో గార్డియన్ పత్రిక బయటపెట్టిన అమెరికా నిఘా సంస్థ పత్రాల్లో ఒక స్లయిడు ఉంది. జనం ఇంటర్నెట్‌లో చేసే పనిలో దాదాపు అంతా హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది కాబట్టి తమకు అది ముఖ్యమన్నది దాని సారం. పక్కన వేసిన గుర్తుల్లో వికీపీడియాదీ ఒకటి. వికీపీడియాలో దాచేదేముంటుంది? ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు. అయినా ఎవరు ఏ వ్యాసం చదువుతున్నారన్నది పాఠకుడి సొంత విషయమని వికీమీడియా సంస్థ పట్టుబట్టింది. ఆ ఏడు ఆగస్టులోనే లాగిన్ అయ్యేవాళ్లకు, 2015 జూన్‌లో అందరికీ హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేసింది. తెలుగు వికీపీడియాలో సభ్యులంతా చేరి మాట్లాడుకునే బహిరంగ పేజీకి పేరు రచ్చబండ. అలా రచ్చబండకు తాళం పడి పదేళ్లు దాటింది. చర్చ ఆగిపోలేదు.

చదవడం ఒక ఎత్తు, మార్చడం ఇంకో ఎత్తు. ఎన్‌క్రిప్షన్ లేని పేజీలో మధ్యవాళ్లు తమకు కావలసినవి దూర్చవచ్చు. ఇదేదో సిద్ధాంతం కాదు. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు, తాను ఎయిర్‌టెల్ 3జీ మీద తెరిచిన పేజీల్లో ఆ సైటువాళ్లు రాయని జావాస్క్రిప్ట్ ముక్క ఒకటి వచ్చి కూర్చుంటోందని గమనించి బయటపెట్టాడు. వాడకందార్లకు డేటా లెక్క చూపించడానికే ఆ ఏర్పాటని కంపెనీ చెప్పుకుంది. ఆ ముక్క తయారుచేసిన ఇజ్రాయెల్ సంస్థ అతనికే లాయరు నోటీసు పంపడం ఇందులో కొసమెరుపు. అదే ఏడు మార్చిలో ఇంకా పెద్దది జరిగింది. చైనాలోని సెర్చ్ ఇంజిన్ బైదూ సర్వర్ల వైపు బాహాటంగా వెళ్లే రాకపోకల్లోకి ఎవరో ఒక స్క్రిప్టును దూర్చారు. దాంతో ఏమీ తెలియని వేలాది మంది బ్రౌజర్లు గిట్‌హబ్ సైటు మీద అభ్యర్థనల వాన కురిపించి రోజుల తరబడి ఇబ్బంది పెట్టాయి. కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు ఆ ఆయుధానికి గ్రేట్ కానన్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా ‘మా పేజీలో ఏముందిలే’ అన్నవాళ్లకు దొరికిన జవాబు ఇది: పేజీలో ఏమీ లేకపోయినా, ఆ పేజీ తెరిచే మనుషుల బ్రౌజర్లున్నాయి.

ఇంతకీ ఒకరినొకరు ఎప్పుడూ చూడని రెండు యంత్రాలు, అందరూ వింటుండగా, ఒక రహస్య సంఖ్య మీద ఎలా ఒప్పందానికొస్తాయి? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించిన ఉపాయాన్ని కాగితం మీద వేసి చూడవచ్చు. 17, 3 అన్న రెండు సంఖ్యలు అందరికీ తెలుసు. మీ ఫోన్ మనసులో 5 అనుకుంటుంది. 3ని ఐదుసార్లు వేసి హెచ్చవేస్తే 243. దాన్ని 17తో భాగిస్తే మిగిలేదీ కాకతాళీయంగా 5. ఆ శేషాన్ని పైకి చెబుతుంది. సర్వర్ మనసులో 7 అనుకుంటుంది. 3ని ఏడుసార్లు వేసి హెచ్చవేస్తే 2187. 17తో భాగిస్తే శేషం 11. అదీ పైకి చెబుతుంది. ఇప్పుడు ఫోన్ 11ని ఐదుసార్లు హెచ్చవేసి 17తో భాగిస్తుంది: శేషం 10. సర్వర్ 5ని ఏడుసార్లు హెచ్చవేసి 17తో భాగిస్తుంది: అదీ 10. ఇద్దరి చేతిలోనూ 10 ఉంది, ఎవరూ పైకి అనలేదు. విన్నవాడికి తెలిసినవి 17, 3, 5, 11. ఇంత చిన్న సంఖ్యలైతే వాడూ కూర్చుని లెక్క తేల్చేస్తాడు. నేడు బ్రౌజర్లు ఎక్కువగా వాడే పద్ధతి వంపురేఖల గణితం మీద నడుస్తుంది. అందులో 17 స్థానంలో ఉండేది 2ని 255 సార్లు హెచ్చవేసి అందులోంచి 19 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య. దాన్ని వెనక్కి విప్పే దారి ఇప్పటి కంప్యూటర్లకు లేదు. క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఏమిటన్నది వేరే వ్యాసం.

ఈ ఉపాయంలో ఒక కంత ఉంది. మీరు రహస్యం పంచుకున్నది చర్చావేదికతోనేనా, మధ్యలో కూర్చున్న మోసగాడితోనా? దానికి జవాబు సర్టిఫికెట్. ఈ సైటు ఫలానావాళ్లదేనని ఒక సంస్థ సంతకం చేస్తుంది, ఆ సంస్థను బ్రౌజర్ నమ్ముతుంది. నమ్మకం కాబట్టి అప్పుడప్పుడు దెబ్బతింటుంది. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ చేతి నుంచే గూగుల్ సైట్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయి. గూగుల్ పట్టుకున్నాక రద్దయ్యాయి. ఇప్పుడు జారీ చేసే సర్టిఫికెట్లు బహిరంగ పట్టీకి ఎక్కాలన్నది అలాంటి అనుభవాల ఫలితమే. మనుషుల సంగతి ఇంకా విచిత్రం. 2005లో న్యూజిలాండ్‌లో బ్యాంక్‌డైరెక్ట్ అనే బ్యాంకు సర్టిఫికెట్ కొన్ని గంటలపాటు చెల్లకుండా పోయింది. ఆ సమయంలో హెచ్చరిక చూసిన సుమారు 300 మంది ఖాతాదార్లలో వెనక్కి తగ్గింది ఒకే ఒక్కరు. మిగతావాళ్లంతా సరే సరే అని నొక్కుకుంటూ తమ డబ్బు దగ్గరికి వెళ్లిపోయారు.  క్రోమ్ బ్రౌజర్ 2018 జూలై నుంచి ఎన్‌క్రిప్షన్ లేని ప్రతి సైటు మీదా ‘భద్రం కాదు’ అని రాయడం మొదలుపెట్టింది. 2023లో తాళం బొమ్మనే తీసేసింది. మోసగాళ్ల సైట్లకూ తాళం ఉంటుంది కాబట్టి, ఆ బొమ్మ చూసి జనం అనవసరంగా ధైర్యపడుతున్నారని.

ఖర్చు మాటేమిటి? పాత రోజుల్లో సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి, సర్వర్ మీద బరువు పడుతుందన్న భయం ఒకటి. 2010 జనవరిలో జీమెయిల్ పూర్తిగా ఎన్‌క్రిప్షన్‌కు మారినప్పుడు సర్వర్ల పనిలో దానికి పట్టింది ఒక్క శాతం కూడా లేదని గూగుల్ ఇంజినీర్లే లెక్క చెప్పారు. 2015 డిసెంబర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సర్టిఫికెట్ సంస్థ అందరికీ తలుపులు తెరిచి సర్టిఫికెట్లు ఉచితం చేసింది. ఇక మిగిలింది దూరం. న్యూజిలాండ్‌లో దూరం చిన్న విషయం కాదు. ఆక్లండ్ నుంచి లాస్ ఏంజెలెస్ దాదాపు 10,500 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెళ్లి రావడానికి ఎంత తక్కువైనా సెకనులో పదో వంతు. ఈ తాళం పద్ధతి పేరు టీఎల్‌ఎస్. దాని పాత రూపం 1.2లో తాళం బిగించడానికే రెండుసార్లు వెళ్లి రావాలి. 2018లో వచ్చిన 1.3లో ఒక్కసారి చాలు. హైదరాబాద్‌లో కూర్చుని హైదరాబాద్ సర్వర్‌తో మాట్లాడేవాళ్లకు ఈ మార్పు తెలియనే తెలియదు, పాపకూరలో తెలుస్తుంది.

నిజమైన అభ్యంతరాలు వేరే ఉన్నాయి. వాటిని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఎన్‌క్రిప్ట్ అయిన పేజీని ఊరికి ఒక్కచోట దించి పెట్టుకుని అందరికీ పంచడం కుదరదు. నెమ్మది ఉపగ్రహ ఇంటర్నెట్ మీద ఆధారపడ్డ ఉగాండా పల్లె బడిలో దీనివల్ల కలిగిన ఇబ్బందిని వెబ్ డిజైన్ రచయిత ఎరిక్ మేయర్ 2018లో రాశాడు. పాత ఫోన్ల బాధ ఇంకొకటి. 2021 సెప్టెంబర్ 30న సర్టిఫికెట్ల మీద సంతకాలు చేసే సంస్థ తాలూకు ఒక మూల సర్టిఫికెట్ గడువు తీరేసరికి, కాలం చెల్లిన కంప్యూటర్లు, ఫోన్లు కొన్ని బాగా ఉన్న సైట్లను కూడా తెరవలేక మొరాయించాయి. ఇంటి దగ్గర అమ్మానాన్నల చేతుల్లో ఉండేవి అలాంటి ఫోన్లే. ఇవి చిన్న నష్టాలు కావు. అయినా ఆ గోదాము కుర్రవాడిని రెండో తట్టలో పెట్టి తూస్తే, ముల్లు ఎన్‌క్రిప్షన్ వైపే మొగ్గుతుంది.

తాళం వేశాక నిర్వాహకులు నిశ్చింతగా పడుకోవడమే నన్ను భయపెట్టేది. 2013 జూలైలో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ల చర్చావేదికల మీద దాడి జరిగి 18 లక్షల పైచిలుకు సభ్యుల పేర్లు, ఈమెయిళ్లు, పాస్‌వర్డ్ హాష్‌లు పోయాయి. దొంగలు వాటిని ఎత్తుకెళ్లింది తీగ మీద కాదు, సర్వర్‌లో దూరి. హెచ్‌టీటీపీఎస్ కాపాడేది ప్రయాణాన్ని మాత్రమే. చేరాక మీ ప్రైవేటు సందేశం సర్వర్‌లో విప్పి ఉంటుంది, నిర్వాహకుడు చదవాలనుకుంటే చదవగలడు. సైటు పేరు చాలాచోట్ల ఇంకా బయటికి కనబడుతూనే ఉంది. పంపిన దాని పొడవూ తెలుస్తుంది. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో వాళ్లు తమ సొంత మూల సర్టిఫికెట్ పెట్టుకుని ఉంటే తాళం ఉన్నా లేనట్టే, మధ్యలో విప్పి చదివి మళ్లీ మూసి పంపగలరు. యజమాని గురించి అడగదలిస్తే సొంత ఫోన్, సొంత డేటా మీద అడగడం మేలు.

చట్టం ఏమంటుంది? 2020 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చిన న్యూజిలాండ్ ప్రైవసీ చట్టంలో హెచ్‌టీటీపీఎస్ అన్న మాట వెతికినా లాభం లేదు. మనుషుల వివరాలు దగ్గర పెట్టుకున్నవాళ్లు వాటికి సబబైన రక్షణ కల్పించాలంటుంది ఐదో సూత్రం. ఆ మాట పెద్ద కంపెనీలకే కాదు, సభ్యుల ఈమెయిళ్లు పోగుచేసుకున్న చిన్న సంఘానికీ తగులుతుంది. తీవ్రమైన హాని కలిగించేలా వివరాలు బయటికి పొక్కితే ప్రైవసీ కమిషనర్‌కు తెలియజేయాలి. కారణం లేకుండా తెలియజేయకపోతే జరిమానా 10,000 డాలర్ల దాకా ఉంది. ఉచితంగా దొరికే సర్టిఫికెట్ పెట్టుకోలేదంటే, అది సబబైన రక్షణేనని కమిషనర్ ముందు వాదించడం కష్టం.

చర్చావేదిక నడిపేవాళ్లకు చివరగా పనికొచ్చే సంగతి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మొదటి నుంచీ ఇస్తూ వచ్చిన సర్టిఫికెట్ల గడువు 90 రోజులు. ఇప్పుడు బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి తీసుకున్న నిర్ణయం ప్రకారం 2029 మార్చి నాటికి ఏ సర్టిఫికెట్ గడువైనా 47 రోజులు మించకూడదు. సంఘం కార్యదర్శి ఏడాదికోసారి గుర్తు పెట్టుకుని చేత్తో మార్చే పద్ధతి ఇక చెల్లదు. సర్వర్‌లో దానంతటదే కొత్తది తెచ్చుకునే ప్రోగ్రామ్ పెట్టాలి. అది పనిచేయకపోతే ఈమెయిల్ రావాలి, ఆ ఈమెయిల్ ఇద్దరికి రావాలి. ఒకరు ఇండియాకు సెలవు మీద వెళ్లి ఉంటారు.